పొగ ఎక్కడిది? చప్పుడు ఎక్కడిది?

పాత వాహనం ఇంజిన్‌లోనో గేర్‌బాక్స్‌లోనో లోపం ఉందని అనుమానం వచ్చినప్పుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: వినిపిస్తున్న చప్పుడు, చేతికి తెలుస్తున్న వణుకు, కనిపిస్తున్న పొగ శక్తిని పుట్టించే భాగం నుంచి వస్తున్నాయా, లేక ఆ శక్తిని చక్రాల దాకా చేరవేసే భాగం నుంచి వస్తున్నాయా అన్నది. పదేళ్లు దాటిన కారులో ఒకే రకమైన వణుకు అరిగిన నాజిల్ వల్ల రావచ్చు, చిరిగిన ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు వల్ల రావచ్చు, గేర్‌బాక్స్‌కు అవతల ఉన్న క్రాస్ బేరింగ్ వల్ల కూడా రావచ్చు. మూడింటికీ లక్షణం ఒకటే అయినా మరమ్మతు ఖర్చు కొన్ని వేల రూపాయల నుంచి లక్ష పైదాకా మారిపోతుంది గనక, విప్పడానికి ముందు విడదీసి చూడటమే ఈ విద్యలో అసలైన భాగం. “ఇంజిన్ బోరుకు వచ్చింది” అన్న తీర్పు ఒక్కసారి చెవిన పడితే, ఆ మాటను పరీక్షించే ఓపిక యజమానికీ ఉండదు, చాలాసార్లు షెడ్డుకూ ఉండదు. నష్టం మొదలయ్యేది అక్కడే.

హైదరాబాద్ పరిసరాల్లో ఈ ప్రశ్న శంషాబాద్ చుట్టుపక్కల మరింత బలంగా ఎదురవుతుంది. 2008 మార్చిలో వాణిజ్య విమానాలు బేగంపేటను వదిలి ఇక్కడి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి మళ్లాయి. 2009 అక్టోబర్‌లో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరుచుకుంది, ఆ తరవాత 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి దశలవారీగా పూర్తయింది. ఈ మార్పులన్నిటి వెంట, పగలూ రాత్రీ తేడా లేకుండా తిరిగే అద్దె కార్ల ప్రపంచం ఒకటి ఇక్కడ ఏర్పడింది. ఇండికా, పాత ఇన్నోవా, డీజిల్ స్విఫ్ట్ డిజైర్, ఎటియోస్ వంటి బండ్లు ఆ ప్రపంచానికి వెన్నెముకగా నిలిచాయి. ఇవేవీ ఇప్పుడు కొత్తగా దొరకవు. పాత ఇన్నోవా స్థానంలో 2016లో క్రిస్టా వచ్చింది, ఇండికా 2018లో ఆగిపోయింది, బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు 2020 ఏప్రిల్ 1న అమల్లోకి రావడంతో ఎటియోస్, డిజైర్ డీజిల్ రెండూ నిలిచిపోయాయి. డీజిల్ బండి తక్కువ ధరకు కావాలనుకునే మధ్యతరగతి కుటుంబం చూపు సహజంగానే పాతవాటి మీద పడుతుంది, వాటిలో గణనీయమైన భాగం ఒకప్పుడు పసుపు ప్లేటుతో తిరిగి, తరవాత సొంత వాహనంగా మార్పించుకుని తెల్ల ప్లేటు తగిలించుకున్నవి.

మీటరు చెప్పని గంటలు

ఇలాంటి బండి విషయంలో కిలోమీటర్ల మీటరును నమ్మడం రెండు విధాల పొరపాటు. మొదటిది అందరికీ తెలిసినదే, మీటరు తిప్పడం సులువు. రెండోది అంతగా చర్చకు రాదు: తిప్పని మీటరు కూడా ఇంజిన్ పడిన శ్రమలో సగమే చెబుతుంది. విమానం ఆలస్యమైతే, మే నెల ఎండలో ఏసీ వేసుకుని గంటసేపు నిలబడి ఉన్న కారు మీటరులో ఒక్క కిలోమీటరు కూడా పెరగదు. కాని ఆ గంటంతా పిస్టన్లు కదులుతూనే ఉంటాయి, ఆయిల్ కాలుతూనే ఉంటుంది, కూలెంట్‌ను చల్లార్చడానికి ఎదురుగాలి లేక రేడియేటర్ ఫ్యాన్ ఒక్కటే భారమంతా మోస్తుంది. పెద్ద సంఖ్యలో వాహనాలు నడిపే సంస్థలు తమ నిర్వహణ లెక్కల్లో గంటసేపు నిలబడి తిరిగిన ఇంజిన్‌ను సుమారు 40 నుంచి 50 కిలోమీటర్లు నడిచినదానితో సమానంగా చూడటం ఇందువల్లనే. డీజిల్ ఇంజిన్‌కు ఈ నిలకడ తిరుగుడు మరో హాని చేస్తుంది: లోపలి వేడి తగినంత లేక ఇంధనం పూర్తిగా మండదు, మిగిలిన మసి ఈజీఆర్ వాల్వులో పేరుకుంటుంది. మండిన వాయువులో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఈ వాల్వు మసితో బిగుసుకుపోతే పికప్ తగ్గుతుంది, నల్లపొగ వస్తుంది, ఇంజిన్ అరిగిపోయిందన్న భ్రమ కలుగుతుంది.

కాబట్టి ఇంజిన్‌ను చూసే ముందు కాగితాలు చూడాలి. రాష్ట్ర విభజన జరిగిన 2014 జూన్‌కు ముందు నమోదైన బండి నంబరు ఏపీతో, ఆ తరవాతది టీఎస్‌తో, 2024 మార్చి తరవాతది టీజీతో మొదలవుతుంది గనక నంబరు ప్లేటు వయసును స్థూలంగా చెబుతుంది. అయితే వేరే రాష్ట్రంలో తిరిగి ఇక్కడ మళ్లీ నమోదైన బండికి కొత్త వరుస నంబరు వస్తుంది కాబట్టి ఆర్‌సీలోని తయారీ నెల, సంవత్సరమే ఆధారం. వాహనం ఒకప్పుడు అద్దె తరగతిలో ఉందా అన్నది రవాణా శాఖ రికార్డుల్లో తేలుతుంది. పాత ఇన్నోవా విషయంలో అడగవలసిన బిల్లు మరొకటుంది. దాని 2,494 సీసీ ఇంజిన్‌లో కింది క్రాంక్ షాఫ్ట్‌నూ పై వాల్వులనూ ఒకే లయలో తిప్పేది టైమింగ్ బెల్ట్ అనే పళ్ల రబ్బరు పట్టా. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. మార్చినట్టు రుజువు లేకపోతే, మార్చలేదనే లెక్కగట్టి ధర మాట్లాడుకోవాలి. ఫియట్ రూపొందించిన 1,248 సీసీ ఇంజిన్‌తో వచ్చిన స్విఫ్ట్, డిజైర్, ఇండికా విస్టాల్లోనూ, 1,364 సీసీ ఎటియోస్‌లోనూ బెల్టుకు బదులు ఇనుప గొలుసు ఉంటుంది. గొలుసు హఠాత్తుగా తెగడం అరుదు. సాగిపోయినప్పుడు మాత్రం ఉదయం సెల్ఫ్ కొట్టిన మొదటి కొన్ని క్షణాల్లో గరగరమని హెచ్చరిస్తుంది.

చల్లని ఇంజిన్ ముందు

ఆ మొదటి క్షణాలు దొరకాలంటే ఇంజిన్ చల్లగా ఉండాలి. అమ్మేవారు ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచిన బండి సగం సాక్ష్యాన్ని పోగొట్టుకున్న బండి. బానెట్ మీద చేయి పెట్టి వేడి తగిలితే మరుసటి ఉదయం రావడమే మంచిది. రాత్రంతా నిలిచిన ఇంజిన్ స్టార్ట్ కాగానే కొద్దిసేపు నీలిపొగ వచ్చి ఆగిపోతే, వాల్వుల కాడలను పట్టి ఉండే రబ్బరు సీళ్లు గట్టిపడి, వాటి గుండా రాత్రి ఆయిల్ సిలిండర్‌లోకి జారిందని అర్థం. వేడెక్కిన తరవాత రేస్ ఇచ్చిన ప్రతిసారీ నీలిపొగ వస్తుంటే అనుమానం పిస్టన్ రింగుల వైపు తిరగాలి. కాని టర్బో ఉన్న డీజిల్ ఇంజిన్‌లో ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది: టర్బో షాఫ్ట్ సీలు పాడై ఆయిల్ గాలిగొట్టంలోకి కారినా అదే నీలిపొగ వస్తుంది. టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే గొట్టాన్ని ఊడదీసి లోపల ఆయిల్ చేరి ఉందేమో చూడటానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే అయినా, అది చూడకుండా ఇంజిన్ మొత్తం విప్పడం వింత విషయమేమీ కాదు.

తెల్లపొగ రెండు రకాలు. చల్లని డీజిల్ ఇంజిన్‌లో కళ్లు మండించే డీజిల్ వాసనతో వచ్చేది మండని ఇంధనం; దానికి కారణం గ్లో ప్లగ్ అయినా కావచ్చు, కంప్రెషన్ తగ్గడమైనా కావచ్చు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరవాత కూడా ఆగకుండా, కొద్దిగా తియ్యని వాసనతో వచ్చేది కూలెంట్ ఆవిరి, అంటే సిలిండర్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే గాస్కెట్ దెబ్బతిందన్న మాట. ఇది తేలాలంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తెరిచి చూడాలి, వేడిగా ఉన్నప్పుడు తెరిస్తే ఒళ్లు కాలుతుంది. మూత అడుగున గాని, ఆయిల్ గేజ్ మీద గాని కాఫీ రంగు నురగ కనిపిస్తే నీరూ ఆయిలూ కలిశాయని గ్రహించాలి. తెలంగాణ పల్లెల్లోనూ శివారుల్లోనూ మరో జబ్బు ఎక్కువ: కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోయడం. రాతినేల నుంచి వచ్చే ఆ నీటిలోని లవణాలు రేడియేటర్ సన్నని గొట్టాల్లో తెల్లని పొరగా పేరుకుని, చలికాలంలో ఏ తేడా చూపించకుండా, ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు ఇంజిన్‌ను ఉడికిస్తాయి. అందుచేత కొనే ముందు ఏసీ వేసి ఎండలో అరగంట నిలబెట్టి ఉష్ణోగ్రత ముల్లును గమనించడం, విమానాశ్రయపు బండికి మరీ ముఖ్యంగా, వదలకూడని పరీక్ష.

గాలి ఎటు పోతోంది

మెకానిక్కులు “బ్యాక్ కంప్రెషన్” అనేది, మండుతున్న వాయువు అరిగిన రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్ గదిలోకి చేరడం. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి ఆ రంధ్రం మీదే వదులుగా పెడితే, వాయువు ఒత్తిడికి మూత ఎగిరి పడటం చూసి ఇంజిన్ పోయిందని తేల్చేస్తుంటారు. డీజిల్ ఇంజిన్‌లో ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా కొంత పీల్పు, ఊదుడు ఉంటాయి. పైగా ఆ వాయువు బయటికి పోవడానికి ఉన్న బ్రీదర్ గొట్టం మసితో మూసుకుపోతే మంచి రింగులున్న ఇంజిన్ కూడా మూతను ఎగరేస్తుంది. గొట్టం శుభ్రం చేసి మళ్లీ చూడనిదే ఈ పరీక్షకు విలువ లేదు.

నిజం చెప్పేది కొలత. ఒక్కొక్క సిలిండర్‌లోని గ్లో ప్లగ్‌నో స్పార్క్ ప్లగ్‌నో తీసి, ఆ స్థానంలో గేజ్ బిగించి, సెల్ఫ్‌తో ఇంజిన్‌ను తిప్పి చూసేది కంప్రెషన్ పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్లు సాధారణంగా 10 నుంచి 12 బార్, డీజిల్ ఇంజిన్లు 25 నుంచి 30 బార్ ఒత్తిడి చూపుతాయి, కచ్చితమైన అంకె తయారీదారు పుస్తకంలో ఉంటుంది. అయితే మొత్తం ఎంత వచ్చిందన్నదానికంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నదే ఎక్కువ చెబుతుంది. నాలుగూ సమానంగా కొద్దిగా తగ్గితే అది వయసు. ఒక్కటి మాత్రం మిగతావాటికంటే 10-15 శాతానికి మించి తగ్గితే అది జబ్బు. పక్కపక్కన ఉన్న రెండు కలిసి తగ్గితే వాటి మధ్య గాస్కెట్ కాలిపోయిందనడానికి బలమైన సూచన. పెట్రోల్ ఇంజిన్‌లో తగ్గిన సిలిండర్‌లోకి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, ఒత్తిడి పెరిగినప్పుడు తప్పు రింగులదని, పెరగనప్పుడు వాల్వులదో గాస్కెట్‌దో అని తెలుస్తుంది.

ఇంకా నిక్కచ్చిగా తేలాలంటే లీక్ డౌన్ పరీక్ష ఉంది: పిస్టన్‌ను పైకొసన నిలిపి, సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి పంపి, ఆ గాలి ఎటు పారిపోతోందో చెవితో వినడం. పొగగొట్టంలో బుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ ఫిల్టర్ దగ్గర వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ రంధ్రంలో వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే గాస్కెట్. ఇంజిన్ విప్పకుండా దానిలోని నాలుగు వేర్వేరు లోపాలను ఇంత స్పష్టంగా విడదీసే మరో పరీక్ష లేదు, అయినా దాన్ని చేయించమని అడిగే కొనుగోలుదారులు అరుదు.

ఈ అంకెలు చదివేటప్పుడు శంషాబాద్ ఎత్తును మరచిపోకూడదు. విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి ఒత్తిడి విశాఖపట్నంలోనో చెన్నైలోనో ఉండేదానికంటే సుమారు 7 శాతం తక్కువ. పెట్రోల్ ఇంజిన్ పీల్పును కొలిచే వాక్యూమ్ గేజ్ సముద్రతీరంలో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపాలని పుస్తకాలు చెబితే, ఇక్కడ అదే ఇంజిన్ దాదాపు 2 అంగుళాలు తక్కువ చూపుతుంది. తీరప్రాంతపు పట్టికతో పోల్చి చూసి మంచి ఇంజిన్‌కు జబ్బు అంటగట్టడం తేలికగా జరిగిపోయే తప్పు. ముల్లు ఎక్కడ నిలిచిందన్నదానికంటే నిలకడగా ఉందా లేదా అన్నది ముఖ్యం. లయబద్ధంగా పడి లేచే ముల్లు ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని చెబుతుంది.

క్లచ్‌కు ఇవతల, అవతల

ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ కలిపేదీ విడదీసేదీ క్లచ్ గనక, వాటి తగవును తీర్చడానికి మొదటి సాధనం క్లచ్ పెడలే. బండి నిలిచి, ఇంజిన్ తిరుగుతూ, గేరు న్యూట్రల్‌లో ఉండగా వినిపించే గుయ్యిమనే చప్పుడు, పెడల్ పూర్తిగా తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ది. పెడల్ తొక్కినప్పుడే ఆ షాఫ్ట్ తిరగడం ఆగుతుంది. దీనికి విరుద్ధంగా, తొక్కినప్పుడే చప్పుడు పుడితే అది రిలీజ్ బేరింగ్‌ది. తొక్కినా వదిలినా తేడా లేకుండా వినిపించే చప్పుడు ఇంజిన్ వైపుది. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష ఇంజిన్ మీద పడ్డ ఎన్నో నిందలను తొలగిస్తుంది.

రోడ్డు మీద ఇదే విభజనను వేగంతో చేయాలి. శంషాబాద్ పరిసరాలు ఇందుకు అనుకూలం: నెమ్మదిగా నడపడానికి జాతీయ రహదారి పక్కన సర్వీస్ రోడ్లు, నిలకడ వేగానికి బాహ్య వలయ రహదారి ఉన్నాయి, తుక్కుగూడ వైపు మళ్లితే శ్రీశైలం రహదారి పట్టి నల్లమల ఘాట్ దాకా వెళ్లవచ్చు. గంటకు 70 కిలోమీటర్ల నిలకడ వేగంలో ఐదో గేరులో ఒక వణుకు తెలిసిందనుకుంటే, వేగం మారనీయకుండా నాలుగో గేరుకు దిగి చూడాలి. ఇంజిన్ చుట్లు పెరిగాయి, చక్రాల చుట్లు పెరగలేదు. కాబట్టి వణుకు లయ మారితే కారణం ఇంజిన్‌లోనో దాని మౌంటింగ్‌లోనో ఉంది, మారకపోతే గేర్‌బాక్స్‌కు అవతల ప్రొపెల్లర్ షాఫ్ట్‌లోనో, యాక్సిల్‌లోనో, చక్రాల్లోనో ఉంది. ఈ కథనంలో ఒక్క పరీక్షనే గుర్తుపెట్టుకోవలసి వస్తే అది ఇదే.

టాప్ గేరులో తక్కువ వేగాన ఒక్కసారిగా రేస్ ఇచ్చినప్పుడు ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతోందని అర్థం. ప్లేటు అరగడం సహజమే గాని, క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన ఉండే ఆయిల్ సీలు కారి ప్లేటు మీద జిడ్డు పడినా ఇదే జరుగుతుంది. సీలు మార్చకుండా ప్లేటు మాత్రం మార్చిన బండి కొన్ని నెలల్లో మళ్లీ షెడ్డుకు వస్తుంది. ఇంజిన్ లోపం గేర్‌బాక్స్ లోపంలా కనిపించే స్పష్టమైన ఉదాహరణ ఇది. మూడో గేరు నుంచి రెండో గేరుకు దిగేటప్పుడు కరకరలాడితే, రెండు పళ్లచక్రాల వేగాలను కలిపే ఇత్తడి సింక్రో రింగు అరిగింది. రేస్ వదలగానే గేరు దానంతట అదే ఊడివస్తే లోపలి పళ్ల అంచులు గుండ్రబడ్డాయి. ఒక్క గేరులోనే మూలిగే బండిలో ఆ గేరు పళ్లు, అన్ని గేర్లలోనూ మూలిగే బండిలో బేరింగులు చూడాలి. ఇన్నోవా వంటి వెనక చక్రాలతో నడిచే బండ్లలో శక్తి నాలుగో గేరులో పక్క షాఫ్ట్ మీదుగా పోకుండా నేరుగా పోతుంది గనక, ఆ గేరులో మాత్రం మూలుగు తగ్గితే పక్క షాఫ్ట్ బేరింగులే దోషులు. రేస్ ఇచ్చినప్పుడు ఒక రాగం, వదిలినప్పుడు మరో రాగం వెనక నుంచి వినిపిస్తే డిఫరెన్షియల్ పళ్లు అరిగాయని అర్థం. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టకటకమంటే యాక్సిల్ చివరి జాయింటు అరిగిందని గ్రహించాలి.

ఆటోమేటిక్ బండ్ల సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, డి లోకి మార్చిన తరవాత కదలడానికి పట్టే ఆలస్యం, గేర్ ఆయిల్ రంగు, వాసన ముఖ్యం. ఎర్రగా ఉండవలసిన ఆయిల్ నల్లబడి మాడు వాసన వేస్తే లోపలి క్లచ్ పలకలు కాలిపోతున్నాయి. 2014లో సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ మాత్రం మామూలు గేర్‌బాక్సే, క్లచ్‌ను కాలికి బదులు యంత్రం తొక్కుతుంది. కనుక దానికి పైన చెప్పిన రోడ్డు పరీక్షలన్నీ వర్తిస్తాయి.

కంప్యూటర్ చెప్పేది ఎంత

2013 ఏప్రిల్ నుంచి మన దేశంలో బీఎస్-4 కార్లకు తప్పనిసరి అయిన ఓబీడీ-2 వ్యవస్థ, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్ ద్వారా ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను బయటపెడుతుంది. పి0301 అంటే మొదటి సిలిండర్ మిస్సింగ్, పి0087 అంటే కామన్ రైల్‌లో ఇంధన ఒత్తిడి చాలకపోవడం, పి0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో ఫిర్యాదు చేసిందని. ఈ కోడ్లు ఫలితాన్ని చెబుతాయి, కారణాన్ని చెప్పవు. పి0087 కనిపించగానే పంపు మార్చే షెడ్డుకూ, ముందుగా డీజిల్ ఫిల్టర్ చూసి, తరవాత ఒక్కో నాజిల్ నుంచి తిరిగి వచ్చే డీజిల్‌ను వేర్వేరు సీసాల్లో పట్టి కొలిచే షెడ్డుకూ మధ్య తేడా యజమాని జేబుకు తెలుస్తుంది. నాలుగు సీసాల్లో ఒకటి మిగతావాటికంటే త్వరగా నిండితే ఒత్తిడి పారిపోయే దారి ఆ నాజిలే.

అమ్మకానికి ముందు స్కానర్‌తో కోడ్లు చెరిపి, హెచ్చరిక దీపం ఆరిపోయేలా చేయడం మామూలైపోయింది. దాన్ని పట్టుకునే మార్గం అదే స్కానర్‌లో ఉంది: కోడ్లు చెరిపినప్పుడు కంప్యూటర్ తన స్వీయపరీక్షల ఫలితాలను కూడా మరచిపోతుంది, కొన్ని పదుల కిలోమీటర్లు రకరకాల వేగాల్లో తిరిగితే గాని అవి మళ్లీ పూర్తి కావు. ఒక్క లోపమూ లేదని చూపుతూనే పరీక్షల్లో చాలావాటిని అసంపూర్తిగా చూపే కారు, ఇటీవలే కోడ్లు చెరిపిన కారో బ్యాటరీ ఊడదీసిన కారో అయి ఉంటుంది.

గగన్‌పహాడ్ నీళ్లు

2020 అక్టోబర్ 13 రాత్రి నగరాన్నీ శివారులనూ ముంచెత్తిన, కొన్ని చోట్ల ఒక్క రోజులోనే 20 సెంటీమీటర్లకు పైగా కురిసిన వర్షానికి ఆరాంఘర్, శంషాబాద్‌ల మధ్య గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి జాతీయ రహదారి మీదికి పోటెత్తింది. ప్రాణాలు పోయాయి, వాహనాలు కొట్టుకుపోయాయి. ఆ రాత్రి నగరమంతటా నీట మునిగిన వేల వాహనాల్లో బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించినవి ఉన్నాయి గనక, ఈ ప్రాంతంలో పాత బండి కొనేవారికి ఆ తేదీ ఇంకా పాతబడలేదు.

నీరు చేసే హాని ప్రత్యేకమైనది. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేము. గాలిగొట్టం గుండా సిలిండర్‌లో చేరిన నీటిని నొక్కబోయిన పిస్టన్ ఆగిపోయి, దాన్ని మోసే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బాగా వంగితే ఇంజిన్ అక్కడే ఆగిపోతుంది. కొద్దిగా వంగినప్పుడే మోసం: ఇంజిన్ తిరుగుతుంది, అమ్ముడవుతుంది, ఆ పిస్టన్ మాత్రం పూర్తి ఎత్తుకు చేరదు గనక ఆ ఒక్క సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గి ఉంటుంది, నెలల తరవాత రాడ్ విరిగి బ్లాక్‌ను పగలగొట్టవచ్చు. లీక్ డౌన్ పరీక్షలో ఎక్కడా గాలి పోవడం లేదు, అయినా కంప్రెషన్ తక్కువగా ఉందంటే ఈ వంపును అనుమానించాలి. గేర్‌బాక్స్‌కూ ఇదే ప్రమాదం వేరే దారిన వస్తుంది: వేడిగా ఉన్న గేర్‌బాక్స్ నీటిలో మునిగి హఠాత్తుగా చల్లబడినప్పుడు, లోపలి గాలి కుంచించుకుని బ్రీదర్ రంధ్రం గుండా నీటిని పీల్చుకుంటుంది. గేర్ ఆయిల్ డ్రెయిన్ బోల్టు విప్పి కొద్దిగా ఆయిల్ పట్టి చూస్తే అది పాలలా తెల్లబడి ఉండటమో, బోల్టు అయస్కాంతానికి తుప్పు అంటుకుని ఉండటమో కనిపిస్తుంది. సీట్ల కింది బోల్టుల తుప్పు, సీట్‌బెల్టును చివరిదాకా లాగినప్పుడు కనిపించే బురద చార, కార్పెట్ కింద ఎండిన మట్టి దీనికి తోడుసాక్ష్యాలు.

ఇన్ని పరీక్షల తరవాత కూడా ఇంజిన్ పనే చేయించవలసి వస్తే, దారులు రెండు. హెడ్, రింగులు, బేరింగులతో సరిపెట్టే సగం పనికీ, బ్లాక్ బోరు చేయించి కొత్త పిస్టన్లు వేసే పూర్తి పనికీ కావలసిన భాగాలు నగరంలో పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో దొరుకుతాయి. ఖర్చుకు జడిసి చాలామంది ఎంచుకునేది మరో బండి నుంచి తీసిన ఇంజిన్. అలా మార్చిన ఇంజిన్ నంబరును రవాణా శాఖ ఆర్‌సీలో నమోదు చేయించడం చట్టం ప్రకారం తప్పనిసరి, చేయించనివారు మాత్రం తక్కువ కాదు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిపోకపోతే యాజమాన్య బదిలీ ఆగుతుంది, ప్రమాదం జరిగిన రోజున బీమా పరిహారం చిక్కుల్లో పడుతుంది. అందువల్ల బండి ఎంత బాగా నడిచినా, డబ్బు చేతులు మారక ముందే, బ్లాక్ మీద పేరుకున్న ఆయిల్ మురికిని గుడ్డతో తుడిచి, అక్కడ చెక్కిన నంబరును ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోల్చుకోవాలి. గీకినట్టో, మళ్లీ గుద్దినట్టో అనుమానం వస్తే ఆ బేరం అక్కడితో ఆపాలి.